జామతోటకు గబ్బిలాల వల: ఏది కొనాలి, ఏది అంగట్లోనే వదిలెయ్యాలి

వరంగల్ చుట్టుపక్కల తైవాన్ జామ పెట్టిన రైతు వల కోసం అంగడికి పోతే ముందుగా చేతికి వచ్చేది తంగూసు వల. చేపల వల అల్లే సన్నటి నైలాన్ దారమే అది. తేలిక, చవక. ఒక్క మనిషి భుజాన వేసుకుపోయి పొద్దుగూకేలోగా పది చెట్ల మీద కప్పేయొచ్చు. ఇన్ని సుగుణాలున్నా ఈ సమీక్షలో అన్నిటికన్నా తక్కువ మార్కులు దానికే. ఊరికే ఇచ్చినా తెచ్చుకోవద్దు.

కారణం గబ్బిలం రెక్కలో ఉంది. అది ఈకల రెక్క కాదు. నాలుగు పొడవాటి వేళ్ల మధ్య సాగదీసిన పలుచటి తోలు, పైన కొక్కెం లాంటి బొటనవేలు. వదులుగా వేలాడే సన్నదారం ఆ కొక్కేనికి తగులుకుందంటే, పెనుగులాడిన కొద్దీ వేళ్లకు, మెడకు చుట్టుకుంటూ పోతుంది. కొరికి తెంపుకుందామని చూస్తే దవడలో ఇరుక్కుంటుంది. తెల్లారేసరికి ఒకటో రెండో వేలాడుతుంటాయి, కొన్ని ఇంకా ప్రాణంతోనే. జాలి సంగతి పక్కనబెట్టి ఒట్టి లెక్క చూసుకున్నా ఇది నష్టమే. చిక్కుకున్న జంతువును తీయాలంటే వల కోయక తప్పదు, కోసిన చోట రంధ్రం, ఆ రంధ్రంలోంచి మర్నాడు ఇంకోటి. తెల్లవారుజామున కాయ కోయడానికి వచ్చిన కూలీ చెయ్యి దాని నోటికి అందితే దవాఖానా ఖర్చు కూడా తోటదే.

చట్టం సంగతి ఇంకా చాలామందికి చేరలేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో పండ్లు తినే గబ్బిలాలు కాకులతో, ఎలుకలతో పాటు హానికర జంతువుల జాబితాలో ఉండేవి, చంపినా అడిగేవాళ్లు లేరు. 2022లో చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. ఆ జాబితానే ఎత్తేశారు, పెద్ద గబ్బిలం రెండో షెడ్యూలులోకి వచ్చింది. అంటే ఇప్పుడది రక్షిత జంతువు. కీళ్ల నొప్పులకు మంచిదని దాని కొవ్వు తీసి అమ్మినా, మాంసానికి కొట్టినా నేరమే.

ముందు దొంగెవరో తేల్చుకోవాలి

వల కొనేముందు రెండు రోజులు పొద్దున్నే చెట్ల కింద చూడటం వల ధరకన్నా విలువైన పని. చిలుకలకు, ఉడుతలకు, గబ్బిలాలకు ఒకే వల పనికిరాదు.

చిలుక పగటి పూట వస్తుంది. కాయకు పెద్ద బొక్క పొడిచి, కొంత తిని, మిగతాది తొడిమకే వదిలేస్తుంది లేదా కింద పడేస్తుంది. పచ్చి కాయనూ వదలదు. ఉడుత గీకినట్టు కొరుకుతుంది, అంచున ఉలితో చెక్కినట్టు సన్నని గీతలు కనబడతాయి. గబ్బిలం ఆనవాలు వేరు. పండును నమిలి రసం మింగి, పీచును చప్పిడి ముద్దగా ఉమ్మేస్తుంది. మనం చెరుకు నమిలి పిప్పి ఉమ్మినట్టే. రూపాయి బిళ్లంత వెడల్పున, అంగుట ముద్ర పడి నొక్కుకుపోయిన ఆ ఎండుముద్దలు ఆకుల మీద, నేల మీద దొరికితే ఇక అనుమానం అక్కర్లేదు. ఆకుల మీద పలుచగా చిమ్మినట్టున్న రెట్ట, అందులో జామ గింజలో మర్రి గింజలో ఉండటం రెండో సాక్ష్యం.

ఏ గబ్బిలమో కూడా తెలియాలి. మన దగ్గర తోటల్లోకి ముఖ్యంగా రెండు రకాలు వస్తాయి. పెద్ద గబ్బిలం, శాస్త్రంలో టెరోపస్ మీడియస్, రెక్కలు చాస్తే నాలుగైదు అడుగులుంటుంది, కిలో దాటి బరువు తూగుతుంది. చెరువు గట్టున మర్రి మీదో, రావి మీదో, తెల్లమద్ది మీదో వందల్లో తలకిందులుగా వేలాడుతూ కనబడేవి ఇవే. రెండోది పొట్టిముక్కు గబ్బిలం, సైనోప్టెరస్ స్ఫింక్స్. యాభై గ్రాములకు అటూఇటూ ఉంటుంది. తాటి మట్టల చాటున, ఇళ్ల ముందర పెంచే అశోక చెట్లలో, ఆకులను కొరికి గుడారంలా వంచుకొని పదో పరకో కలిసి ఉంటుంది. పాడుబడ్డ గుళ్లు, కోటగోడల చీకటి మూలల్లో ఉండే మూడో రకం రూసెట్టస్ కూడా పండ్లు తింటుంది, దాని సంగతి సౌండు పెట్టెల దగ్గర వస్తుంది.

ఈ తేడా ఎందుకంటే, పెద్దది సాధారణంగా పండున్న చెట్టు మీదే వాలి తింటుంది, బరువుకు లేత రెమ్మలు విరుగుతాయి. పొట్టిది పండు తెంపుకొని ఎగిరిపోయి ఇంకో చెట్టు మీద కూర్చుని తింటుంది. కాబట్టి మీ జామచెట్టు కింద పిప్పి లేదు, కాయలు మాత్రం తగ్గుతున్నాయంటే, గట్టు మీది తాడిచెట్టు కింద చూడండి. పక్కింటి పిల్లగాళ్ల మీద పడ్డ నిందల్లో కొన్ని అక్కడ తేలిపోతాయి.

వలల్లో ఏది నయం

కొనదగ్గ వలకు గుర్తులు నాలుగు. కన్ను, అంటే దారాల మధ్య రంధ్రం, 5 మిల్లీమీటర్లకు మించొద్దు, అదీ వలను లాగి పట్టుకున్నప్పుడు కొలిస్తే. దారం అరమిల్లీమీటరు మందమైనా ఉండాలి. రంగు తెలుపు. అల్లిక ముడుల్లేనిది, ఒక దారం తెగినా మేజోడులా బారునా ఊడిపోనిది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పెరటి పండ్ల చెట్ల మీద వేసే వలకు ఈ 5 మిల్లీమీటర్ల కొలతను 2021 సెప్టెంబరు నుంచి చట్టంగానే పెట్టారు. అక్కడా మన పెద్ద గబ్బిలానికి దాయాదులే తోటల మీద పడేది. కొలబద్ద లేకుండా చూసుకునే ఉపాయమూ అక్కడిదే: వల కంట్లోంచి చిటికెన వేలు అవతలికి దూరిందా, ఆ వల వద్దు.

మన అంగళ్లలో యాంటీ బర్డ్ నెట్ పేరుతో ఎక్కువగా ఉండేది 10, 15, 20 మిల్లీమీటర్ల కన్ను వల. పిట్టల కోసం, అపార్టుమెంటు బాల్కనీల కోసం వచ్చిన సరుకది. ఇందులో 10 మిల్లీమీటర్ల అల్లిక వల పరవాలేదు, ఒక్క షరతు మీద: గుంజలు పాతి, తీగలు లాగి, దాని మీద డోలు తోలంత బిగువుగా పరచాలి. బిగువుగా ఉన్న వల మీద పెద్ద గబ్బిలం వాలినా జారి లేచిపోతుంది. అదే వలను చెట్టు మీద దుప్పటిలా కప్పితే తంగూసు వలకు దీనికి తేడా తక్కువ. పొట్టిముక్కుది కూడా ఇరుక్కుంటుంది. 15, 20 మిల్లీమీటర్ల రకాల గురించి మాట్లాడేదేం లేదు.

నల్ల వల, ఆకుపచ్చ వల ఎక్కువ రోజులు మన్నుతుందని అంగడివాళ్లు చెప్తారు. నల్లరంగు ఎండను కొంత తట్టుకుంటుందన్నది నిజమే. కానీ పండ్ల గబ్బిలం కళ్లతో చూసి ఎగిరే జంతువు, మసక వెలుతురులో మనకన్నా ఎంతో బాగా చూస్తుంది. తెల్ల వల దాని కంటికి ఆనుతుంది, దూరం నుంచే తప్పుకుంటుంది. నల్ల వలను గుద్దుకున్నాకే తెలుసుకుంటుంది.

ఎండ సంగతి మాత్రం గట్టిగా అడగాలి. మన వేసవి 44, 45 డిగ్రీలు. ఎండకు నిలిచే మందు కలపని ప్లాస్టిక్ దారం రెండో వేసవికల్లా పిండి పిండిగా రాలుతుంది. అంగట్లో నిలబడి దీన్ని పరీక్షించే దారి లేదు. ఉన్న ఆధారం బిల్లే. యూవీ అని, ఇన్నేళ్లని బిల్లు మీద రాసిస్తే సరే. నోటితో యూవీ అని, బిల్లు మీద ఒట్టి నెట్ అని రాస్తే ఆ మందు కలపనట్టే లెక్క వేసుకొని బేరమాడండి.

కూరగాయల నారుకు వాడే 40 మెష్, అంటే అంగుళానికి నలభై కళ్లుండే, పురుగుల వలను గబ్బిలాలకు వేసుకొమ్మని సలహా ఇచ్చేవాళ్లున్నారు. గబ్బిలం రాదు, నిజమే. గాలి కూడా రాదు. వానాకాలం జామలో కాయమచ్చ, పిండినల్లి లోపలే ముదురుతాయి, పిండినల్లిని తినే అక్షింతల పురుగు బయటే ఉండిపోతుంది. షేడ్ నెట్ కూడా అంతే. 50 శాతం నీడ వల కింద జామ సరిగ్గా కాయదు. పెరట్లో ఒకటే చెట్టుంటే, పండు మాగే రెండు మూడు వారాల మట్టుకు 35 శాతం షేడ్ నెట్ కప్పి, అంచులన్నీ దగ్గరికి లాగి మొదలుకు సుతిలితో కట్టేయడం చవకైన పద్ధతి. దాని కళ్లు చిన్నవి, దారం పట్టీలా ఉంటుంది, ఏదీ చిక్కుకోదు. పెరటి చెట్టుకు ఇది తృప్తిగా చెప్పదగ్గ సరుకు.

ఎంత పడుతుంది, ఎట్లా వేయాలి

పది గుంటల జామతోట లెక్క చూద్దాం. పది గుంటలంటే సుమారు 1,012 చదరపు మీటర్లు, చదరంగా అనుకుంటే 32 మీటర్ల భుజం. పైకప్పుకు 1,024 చదరపు మీటర్ల వల. చుట్టుకొలత 128 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు, కింద నేల మీద పరవడానికి అర మీటరు, అంటే పక్కలకు 448. రెండూ కలిపి 1,472, కుట్ల దగ్గర ఒకదాని మీద ఒకటి పడే భాగానికి నూటికి ఐదు వేసుకుంటే ఇంచుమించు 1,550 చదరపు మీటర్లు. అంగడివాడు భూమి విస్తీర్ణం అడిగి అంతే కోసిస్తాడు, పక్కల లెక్క వేయడు. సగం పని అయ్యాక వల చాలక ఆగిపోయే తోటలన్నిటి కథ ఇదే.

అదే ఎకరం మొత్తానికి వేస్తే సుమారు 5,200 చదరపు మీటర్లు చాలు. భూమి నాలుగింతలైనా వల మూడున్నర ఇంతలకు లోపే. గట్టు పంచుకున్న అన్నదమ్ములు, పాలివాళ్లు కలిసి ఒకే పందిరి కింద వేసుకుంటే మధ్య గోడల వల మిగులుతుంది. మాట కలిస్తేనే అనుకోండి.

గుంజలు 8 మీటర్లకు ఒకటి చొప్పున వరుసకు ఐదు, ఐదు వరుసలు, మొత్తం 25. రెండంగుళాల జీఐ పైపు 3.75 మీటర్లది తీసుకొని 75 సెంటీమీటర్లు నేలలో, కాంక్రీటుతో. కంచెకు వాడే రాతి కడీలు ఇంత ఎత్తువి దొరకవు, దొరికినా ఈదురుగాలికి ఊగే వల లాగుడుకు మధ్యలో విరుగుతాయి. అంచుల మీద పడే 16 గుంజలను ఒక పిసరు బయటికి వాల్చి పాతి, ప్రతిదానికి బయటి వైపు ఊతతీగ లాగి నేలలో రాయికి కట్టాలి. మొత్తం పందిరి బలం ఈ ఊతతీగల్లోనే ఉంది. వీటిని మిగిల్చిన చోట మొదటి మేనెల గాలికే మూలలు లోపలికి వంగుతాయి. అంచున 8 గేజి తీగ, లోపల అడ్డంగా నిలువుగా 12 గేజి తీగ, ప్రతి వరుస చివర బిగించుకునే టర్న్‌బకిల్. వల వేసేముందు గుంజల కొసలకు పాత సైకిల్ ట్యూబు చుట్టాలి. వల చిరగడం మొదలయ్యేది ఎప్పుడూ పైపు అంచు దగ్గరే.

జామను కత్తిరించి రెండున్నర మీటర్లలోపు ఉంచితేనే ఈ లెక్క కుదురుతుంది. కొమ్మకు వలకు మధ్య కనీసం జానెడు రెండు జానెళ్లు సందుండాలి. వలకు ఆనుకున్న పండును గబ్బిలం బయటి నుంచే వేలాడి, వల మీదుగా నమిలి పిండుకుంటుంది. పండు లోపలే ఉంటుంది, తొక్కు తప్ప ఏమీ మిగలదు.

వల పరిచే పని గాలి లేని పొద్దుటి పూటే. పది గుంటలకు ఆరుగురు కావాలి, నలుగురితో మొదలుపెడితే గుంజల మీదుగా ఈడ్చాల్సి వస్తుంది, చిరుగుతుంది. రెండు పరపుల కలయిక దగ్గర 30 సెంటీమీటర్లు ఒకదాని మీద ఒకటి వేసి, జానెడుకో ముడి చొప్పున ఎండకు నిలిచే దారంతో కుట్టాలి. సుతిలి వద్దు, ఒక్క వానాకాలానికే కుళ్లుతుంది. కింద మిగిల్చిన అరమీటరును బయటి వైపు పరిచి మట్టి సంచులు పెట్టాలి. కుప్పగా వదిలేస్తే జెర్రిపోతులు, నాగులు దూరి ఇరుక్కుంటాయి, ఆ తర్వాత దాన్ని తీసే మనిషి కోసం ఊరంతా వెతకాలి. తలుపు దగ్గర రెండు తెరలు ఒక మీటరు ఒకదాని మీద ఒకటి పడేట్టు. ఎంత మంచి పందిరైనా ఓడిపోయేది తలుపు దగ్గరే, కోత కూలీలు సాయంత్రం తెర పైకెత్తి అట్లాగే పోతారు.

బిగువు తగ్గిందా లేదా అని నెలకోసారి అరచేత్తో నొక్కి చూడాలి. నొక్కి వదిలితే తిరిగి లేవాలి. లేవకుండా గుంట పడి ఉందంటే టర్న్‌బకిల్ తిప్పాల్సిన రోజు వచ్చినట్టే. తెల్లారి ఏదైనా గబ్బిలం లోపల కనబడితే తరమొద్దు, బెదిరి వలకేసి కొట్టుకుంటుంది. పగలంతా వదిలేసి, పొద్దుగూకాక ఒక పక్క మొత్తం ఎత్తి ఉంచితే అదే పోతుంది.

రెండు లోపాలు ఒప్పుకోవాలి. ఒకటి వడగండ్లు. ఏప్రిల్, మే నెలల్లో వడగండ్ల వాన పడితే 5 మిల్లీమీటర్ల వల మీద గడ్డలు నిలిచి సంచుల్లా వేలాడతాయి, అప్పటికప్పుడు కర్రతో కింది నుంచి కొట్టి దులపాలి. రెండోది తేనెటీగలు. ఈ కన్నులోంచి తేనెటీగ దూరగలదు, కానీ ఇష్టపడదు. అందుకే వల ఏడాది పొడవునా ఉంచే వస్తువు కాదు. పూత మీద ఉన్నప్పుడు పక్కలు ఎత్తి కట్టి, కాయ రంగు తిరిగే ముందు దించాలి. తైవాన్ రకం ఏడాదంతా పూస్తూ కాస్తూ ఉంటుంది కాబట్టి ఇక్కడ చిక్కు. కొమ్మ కత్తిరింపుతో పంటను ఒక కారుకు కుదించుకున్న తోటలకే వల బాగా కలిసొస్తుంది.

జగిత్యాల, మంచిర్యాల మామిడి తోటలకు మాత్రం ఈ వల సిఫారసు చేయలేం. ముప్పై నలభై అడుగుల చెట్టు మీద పందిరి వేసే ఖర్చు ఎన్ని కాపులకూ తిరిగి రాదు. పైగా చల్గల్ మార్కెట్‌కు పోయే మామిడిని పచ్చిగా, ముదిరిన దశలోనే కోస్తారు. గబ్బిలానికి కావాల్సింది వాసన తిరిగిన పండు. కోత ఆలస్యమై చెట్టు మీదే మాగిన కాయలు, కొమ్మల్లో మరిచిపోయినవి, కింద రాలి కుళ్లుతున్నవి, ఇవే దాన్ని పిలిచేవి. ముదిరిన కాయను వారం ముందు కోయడం, రాలినవి రోజూ ఏరేయడం. మామిడికి ఇంతకన్నా చవకైన వల లేదు.

కవర్లు

కాయకో కవరు కట్టే పద్ధతి జామలో ఇప్పటికే ఉంది, అయితే అది పండుఈగ కోసం. ఫోమ్ జాలీ తొడిగి పైన పలుచటి పాలిథీన్ కవరు వేస్తారు. ఈగకు, మచ్చకు బాగా పనిచేస్తుంది. గబ్బిలానికి ఆ పాలిథీన్ అడ్డే కాదు, గోటితో చీల్చేస్తుంది. దానికి బదులు బట్టల అంగళ్లలో ఇచ్చే సంచి గుడ్డ లాంటి నాన్‌వోవెన్ కవరు వాడితే రెండు పనులూ అవుతాయి. గాలి ఆడుతుంది, నీళ్లు నిలవవు, ఉతికి రెండో కాపుకూ వాడొచ్చు.

కట్టే అదును కాయ నిమ్మకాయంత ఉన్నప్పుడు. ముందు మందు కొట్టి, ఆరాక కట్టాలి. తడి మీద కడితే మచ్చను లోపల మూటగట్టినట్టే. కవరు కాయకన్నా బాగా పెద్దదిగా ఉండాలి, గుడ్డకు పండు ఆనితే వలకు ఆనినప్పటి కథే ఇక్కడా. మూతి ముడి కాయ తొడిమకు కాదు, రెమ్మకు. తొడిమకు కడితే గాలికి ఊగి పిందె రాలుతుంది. పాలిథీనే వాడక తప్పకపోతే అడుగున రెండు రంధ్రాలు. మామిడిలో గోధుమరంగు కాగితపు కవరు కోడిగుడ్డంత కాయకు కడతారు, రంగు బాగా వస్తుంది కానీ తడిసిన కాగితం గబ్బిలాన్ని ఆపదు.

పదీ ఇరవై చెట్లున్న పెరడుకు, నాణ్యమైన కాయను ఎక్కువ ధరకు అమ్ముకునే చిన్న తోటకు కవరే నయం. ఎకరాలకు లెక్కేస్తే కవరు ధరకన్నా కట్టే కూలి మింగేస్తుంది.

సౌండు పెట్టెలు, లైట్లు, పటాకులు

ఆన్‌లైన్‌లో గబ్బిలాలను తరిమే అల్ట్రాసోనిక్ పెట్టెలు అమ్ముతున్నారు. సోలార్ పలక, మిణుకుమనే దీపం, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. దీని వెనకున్న ఊహే తప్పు. వినబడని శబ్దంతో దారి వెతుక్కునేవి పురుగులు తినే చిన్న గబ్బిలాలు. పెద్ద గబ్బిలం అట్లాంటి శబ్దం చేయనే చేయదు, దాని ఆధారం కన్ను, ముక్కు. పండ్లు తినేవాటిలో రూసెట్టస్ ఒక్కటే చీకటి గుహల్లో నాలుకతో టిక్కుటిక్కుమనిపించి దారి చూసుకుంటుంది, పండు దగ్గర మళ్లీ ముక్కే. పైగా అంత సన్నని శబ్దం గాలిలో కొద్ది దూరానికే చచ్చిపోతుంది, ఆకుల గుబురు దాటదు. పెట్టెకు పెట్టే డబ్బుతో నాన్‌వోవెన్ కవర్లు కొనండి.

మెరిసే రిబ్బన్లు పగలు చిలుకలకు కొన్నాళ్లు పనిచేస్తాయి. రాత్రి మెరవడానికి ఏముంది? పెద్ద లైట్లు, రేడియో పాటలు, పటాకులు అన్నిటికీ ఒకటే రోగం: వాటి వెనక దెబ్బ లేదని నాలుగు రాత్రుల్లో కనిపెట్టేస్తాయి. గబ్బిలాలు వేలాడే మర్రి కింద పటాకులు కాల్చడం ఇంకా తెలివితక్కువ పని. గుంపు చెదిరి చుట్టుపక్కల నాలుగైదు చెట్లకు సర్దుకుంటుంది, దొంగల అడ్డా ఇంకాస్త దగ్గరికి వస్తుంది. ఎండాకాలం, పిల్ల తల్లి పొట్టను కరుచుకొని ఉన్న రోజుల్లో అయితే పిల్లలు రాలిపడతాయి. ఏడాదికి ఒక్క పిల్లనే కనే జంతువది. కార్బైడ్ వేసి పేల్చే గొట్టాల సంగతి చెప్పనక్కర్లేదు, వాటితో పోయేది గబ్బిలాలు కాదు, కళ్లు. నాఫ్తలీన్ ఉండలు కట్టినా గబ్బిలం ఆగదు, ఆ వాసన కాయకు పట్టి కొనేవాడు ఆగుతాడు.

ఇంత అల్లరి చేసేవాటిని అసలు ఉంచుకోవడం ఎందుకని తోట రైతు అడగడం న్యాయమే. ఆదిలాబాద్ అడవుల్లో రాత్రి పూట ఇప్పచెట్టు దగ్గర నిలబడితే జవాబు కొంత దొరుకుతుంది. ఇప్పపువ్వు తీపికి వచ్చి పుప్పొడి మోసేవి, పండాక గింజను దూరం తీసుకెళ్లి పడేసేవి ఈ గబ్బిలాలే. బూరుగ పూతకూ వస్తాయి. మర్రి, రావి, మేడి గింజలు వాటి కడుపులోంచి అరగంటలోపే బయటపడతాయి, పాత గోడల మీద, తాడి మొదళ్లలో మొలిచే రావి మొక్కలకు పిట్టలతో పాటు ఇవీ కారణం.

కొరికిన పండు, కల్లు లొట్టి

గబ్బిలం కొరికిన పండును కడిగి, కోసి, బాగున్నంత మేర తినొచ్చనే మాట వదిలెయ్యాలి. నిపా వైరస్‌కు పెద్ద గబ్బిలం సహజమైన ఇల్లు. 2001లో సిలిగురిలో, 2018లో కోజికోడ్‌లో అది మనుషులకు అంటింది. అంతకుముందు 1998, 99లో మలేషియాలో పండ్లచెట్ల కింద పందుల దొడ్లు ఉన్న చోట, గబ్బిలాలు కొరికి పడేసిన పండ్లు తిన్న పందుల ద్వారా మనుషుల దాకా వచ్చింది. తోటలో గబ్బిలం తిరిగితే నిపా వచ్చినట్టు కాదు, భయపడే పని లేదు. చేయాల్సింది ఇంతే: పంటి గాటున్న కాయను ఏరి గుంతలో పూడ్చాలి, మేకలకో పందులకో వేసే అలవాటుంటే మానాలి, గాటు లేని కాయను కూడా కడిగే తినాలి.

కల్లు దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. ఈతచెట్టుకు గీసిన చోట రాత్రి పూట రసం నాకడానికి గబ్బిలాలు వస్తాయి, లొట్టిలో మూత్రం, రెట్ట పడతాయి. బంగ్లాదేశ్‌లో నిపా ఎక్కువగా పచ్చి ఈతరసంతోనే సోకింది. అక్కడి గీత కార్మికులకు నేర్పిన ఉపాయం మనకూ పనికొస్తుంది: గీత గాటును, లొట్టి మూతిని కలిపి కప్పేలా ఒక తడిక కట్టడం. వెదురుతో, జనపకట్టెతో, జీలుగ కట్టెతో, పాలిథీన్‌తో నాలుగు రకాలు చేసి రాత్రి కెమెరాలు పెట్టి చూస్తే, గాటూ మూతీ రెండూ మూసినప్పుడు గబ్బిలం రసాన్ని అందుకోలేకపోయింది. జీలుగ మన పొలాల్లో పచ్చిరొట్ట ఎరువుగా వేసేదే, ముదిరిన కట్టె ఊరికే దొరుకుతుంది. లొట్టిని మాత్రమే కప్పి గాటును వదిలేస్తే పని కాదు, అది నాకేది గాటునే. ఈ సమీక్షలో పైసా ఖర్చులేని సరుకు ఇదొక్కటే, పూర్తి మార్కులు దీనికే.

ఇంతా చేసి చిక్కుకుంటే

పట్టి లాగొద్దు, దారం తోలులోకి కోసుకుపోతుంది. మందపాటి తోలు గ్లౌజులు వేసుకొని, తుండుగుడ్డ తల మీదుగా కప్పి, జంతువు ఒంటి మీది దారాన్ని కాకుండా దాని చుట్టూ ఉన్న వలను కత్తెరతో కోసి, వల ముక్కతో సహా అట్టపెట్టెలో పెట్టాలి. అటవీ శాఖ సిబ్బందికి కబురు చేయాలి. దారం తీసేసి అప్పుడే ఎగరేయడం మంచిపనిలా కనిపిస్తుంది కానీ, నెత్తురు ఆడక దెబ్బతిన్న రెక్క తోలు ఒకటి రెండు రోజుల తర్వాతే నల్లబడి చచ్చుబడుతుంది, ఎగిరిపోయింది ఎక్కడో పడి చస్తుంది. కరిచినా, గోరు గీరినా పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో ధారగా కడిగి అదేరోజు దవాఖానాకు పోవాలి, కుక్క కరిస్తే అడిగినట్టే టీకా సంగతి అడగాలి. మండుటెండల్లో చెట్ల కింద రాలిపడ్డవాటినీ ఒట్టి చేతులతో ముట్టొద్దు.

కోత అయిపోయాక వల తీసేటప్పుడు ఎండాకులన్నీ దులిపి, నీడలో ఆరబెట్టి, మడతలు కాకుండా గొట్టానికి చుట్టి పెట్టాలి. మడత పడ్డ చోటే దారం ముందు విరుగుతుంది. గడ్డివాము పక్కన, వడ్ల బస్తాల గదిలో పెట్టొద్దు. ఎలుక ఒక్క రాత్రి కొరికిన వలను కుట్టడానికి రెండు రోజులు పడుతుంది, కన్ను 5 మిల్లీమీటర్లు కదా, సూది కూడా సరిగ్గా ఆడదు. దూలానికి తీగతో వేలాడదీస్తే చాలు.